మల్లక్క చీపురు, మా సమురాయ్ కేక

నిన్న కరాటే బెల్ట్ టెస్టుల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో ఇనుండ్రి! నవ్వితె నవ్వుండ్రి గని, ముందు చాయ్ కింద పెట్టుండ్రి, పొలమారుతది.

మీకెర్కే గద, వర్క్‌షాపుల నాకు సెకండ్ షిఫ్ట్ పడ్డప్పుడు పొద్దుగాల మా క్వార్టర్ల నడుమ గ్రౌండుల పిల్లలకు కరాటే నేర్పుత. ఎండకాలం సెలవులు, టెస్ట్ దగ్గరపడ్డది. జపాన్ సమురాయ్ సినిమాల సీడీలు చూసి చూసి నాకు జర ఎక్కింది. "సమురాయ్‌కి భయం ఉండొద్దు! వెన్ను చూపొద్దు! గుద్దితె కడుపులకెళ్లి కేక రావాలె!" అన్న. పిల్లలందరు ఒక్కసారి "కియా!" అన్నరు. వేపచెట్టు మీది కాకులు లేచినయ్.

కాకులతోని మల్లక్క గూడ లేచింది. గ్రౌండు పక్క క్వార్టరే ఆమెది. చేతిల చీపురు!

"ఏంది తమ్మీ గీ లొల్లి? మీ పోశం బావ నైట్ షిఫ్ట్ చేసొచ్చి గిప్పుడే పండిండు. నిద్ర సాలకుంట రాత్రికి బొగ్గుబాయిల దిగితె, పైనుంచి బండ ఊడేది ఎవరు చూడాలె? నీ సమురాయ్ వచ్చి చూస్తడా?"

నా కేక కడుపుల్నే ఉండిపోయింది. వెన్ను చూపొద్దన్న గద, చూపలే. మొఖం ఆమె దిక్కే పెట్టి, ఎనకకు ఎనకకు నడుచుకుంట పోయి గోల్‌పోస్టుకు గుద్దుకున్న. పిల్లలు నవ్వలే. పాపం, అది గూడ టెక్నిక్కే అనుకున్నరు.

గని ఆమె మాట నిజం. మా నాయిన గూడ బాయిల చేసినోడే. ఆయన నైట్ షిఫ్ట్ అంటె, మా అమ్మ గిన్నె గూడ సప్పుడు గాకుంట కడుగుతుండె. పిల్లలను కూసోబెట్టి చెప్పిన: "సమురాయ్‌కి పక్కోని కష్టం గూడ తెల్వాలె రా. మీ పోశం కాక ఇంట్ల పండుకున్నన్ని రోజులు కేక లోపల్నే. నోరు తెరువుండ్రి, సప్పుడు రావొద్దు."

అబ్బ, ఏం పోరగాండ్లు! నోరు బార్లా తెరిచి, మెడ నరాలు పొంగించి గుద్దుతున్నరు, పిసరంత సప్పుడు లేదు. బావ కంటినిండ పండిండు. సీడీల సమురాయ్‌లు గూడ మా పిల్లల కాడ నేర్చుకోవాలె అని మురిసిన. ఆ మురిపెంల, టెస్టుల కేకకు గూడ మార్కులుంటయన్న ముచ్చట మర్శిపోయిన!

నిన్న కరీంనగర్ నుంచి ఎగ్జామినర్ సార్ మా గ్రౌండుకే వచ్చిండు. "స్టార్ట్!" అన్నడు. పిల్లలు గుద్దిన్రు, నోళ్లు తెరిచిన్రు. సప్పుడు లేదు. సార్ చెవిల వేలు పెట్టి తిప్పుకున్నడు. మళ్ల గుద్దు, మళ్ల నోళ్లు. అచ్చం ఒడ్డున పడ్డ చాపలే!

"ఏందయ్యా, కరాటే నేర్పినవా, ఆవులింతలు నేర్పినవా? స్పిరిట్ లేకుంటె అందర్ని ఫెయిల్ చేస్త!"

ఏడాదంత కష్టపడ్డ పిల్లలు, తప్పేమో నాది. "అర్వుండ్రి రా!" అని మొత్తుకున్న. ఒక్కడు అర్వలే. నేను వాళ్లకు పరీక్ష పెడుతున్న అనుకున్నరట! అందరి కండ్లు బావోల్ల కిటికీ మీదనే ఉన్నయ్.

గప్పుడు మల్లక్క వాకిట్లకెళ్లి చీపురు లేపింది. "ఓ పోరగాండ్లూ! ఈ వారం మీ కాకది ఫస్ట్ షిఫ్ట్, డ్యూటీకి పోయిండు! ఇంట్ల ఎవ్వరు పండలే, అర్వుండ్రి!"

ఇగ చూడుండ్రి! లోపల దాసుకున్న కేకలన్ని ఒక్కసారె బయటపడ్డయ్. సార్ చేతుల చాయ్ ఆయన తెల్లడ్రెస్సు మీదనే పడ్డది. "పాస్! అందరు పాస్! ఇగ సాలు!" అన్నడు.

నా పాణం కుదుటవడ్డది అనుకుంటుంటె, సార్ నా దిక్కు తిరిగిండు. "మాస్టర్, నువ్వు గూడ ఒక గుద్దు గుద్దు, కేక ఇందాం."

కాళ్లు ఎడం చేసి, ఊపిరి బిగవట్టి, కడుపులకెళ్లి "కి..." అన్న. గంతే! కండ్లు వాటంతట అవ్వే మల్లక్క చేతుల చీపురు మీదికి పోయినయ్. మిగిలిన "యా" ఇంక నా కడుపుల్నే ఉన్నది.