ఉప్పు చూసే ఓదెలు

బచ్చన్నపేటలో ఓదెలు పథ్యం తప్పి ఒక్క మెతుకు తిన్నాడని ఎవరూ నిరూపించలేరు. ఆయన తినడు. ఉప్పు చూస్తాడు, అంతే.

మిర్చి బజ్జీల బండి దగ్గర ఉప్పు చూస్తాడు. పెళ్ళి పందిట్లో బగారన్నానికి ఉప్పు సరిపోయిందో లేదో మూడు మార్లు చూస్తాడు. ఒకసారి చేతినిండా జిలేబీలతో కోడలు నీరజకు దొరికిపోయాడు.

"జిలేబీల ఉప్పేంది మామా?"

"గదే బిడ్డా, ఉందేమోనని సూసిన. లేదు. మంచిగ చేసిండు."

నీరజకు నవ్వే ఓపిక ఎప్పుడో అయిపోయింది. పొద్దున ఎనిమిదింటికి జనగామ బస్సెక్కి, అక్కడి ప్రైవేటు బళ్ళో ఆరు క్లాసులు చెప్పి, ఈసురోమంటూ ఇల్లు చేరేసరికి అత్త సత్తమ్మ గుమ్మంలోనే ఫిర్యాదుతో సిద్ధంగా ఉండేది.

"నీ మామ ఇయ్యాల పోశాలు బండికాడ నాలుగు బజ్జీలు మింగిండు. నువ్వే అడుగు!"

"మింగలే. నాలుగింట్ల నాలుగు తీర్ల ఉప్పుంటది. సూసిన."

"రేపటి నుంచి సూడకు మామా," అనేది నీరజ, భుజాన బ్యాగు దించకుండానే. ఓదెలు బుద్ధిగా "సరే బిడ్డా" అనేవాడు. ఆ సరే మర్నాడు పదకొండింటి దాకా నిలబడేది.

అసలు ఆ ఇంట్లో షుగరు మొదట వచ్చింది సత్తమ్మకు, రెండేళ్ళ కిందట. కాలి బొటనవేలికి తగిలిన దెబ్బ పుండై మానలేదు. అన్నం తగ్గించకపోతే వేలు దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. సత్తమ్మ గోళీలు వేసుకుంది గానీ అన్నం మానలేదు. "నా ఒక్కదానికి రొట్టె చేసుకుంటనా? ఇన్నోళ్ళు నవ్వుతరు," అనేది. అందరికీ వండి వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది పారేయబుద్ధి కాక అదీ తనే తినేది. చెప్పీ చెప్పీ నీరజ నోరు నొప్పిపుట్టింది. పుండు మాత్రం అట్లాగే ఉంది.

పోయిన ఎండాకాలం ఓదెలు ఒక్కడే జనగామ పోయి దిగులు మొహంతో తిరిగొచ్చాడు. "నాకు గూడ వచ్చిందే సత్తమ్మా, షుగరు."

ఆ సాయంత్రమే పొయ్యి మీదికి పెనం ఎక్కింది. మొగుడి కోసమైతే సత్తమ్మకు బద్ధకమూ లేదు, నామోషీ లేదు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, చక్కెర లేని చాయ్. ఆయనకొకటి, తనకొకటి వండుకునే మనిషి కాదు గనక తనూ అదే తినేది. అన్నమంటే ప్రాణం పెట్టే ఓదెలు రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, గోడకేసి చూస్తూ నమిలేవాడు. సత్తమ్మ పుండు మెల్లగా ఆరింది. కానీ సంతోషించే తీరిక ఎవరికీ దొరకలేదు. ఇంట్లో పంచాయితీ అంతా బజ్జీల మీదే.

మొన్న శనివారం నీరజ సెలవు పెట్టి ఇద్దరినీ జనగామ దవాఖానకు తీసుకుపోయింది. "నాకెందుకు బిడ్డా, నేనొక్కన్నే పోయొస్త గద ఎప్పుడూ," అని ఓదెలు దారి పొడుగునా సణిగాడు. రక్తాలిచ్చాక సత్తమ్మ బెంచీ మీద కూర్చుంది. నీరజ రిపోర్టుల కోసం కిటికీ దగ్గరికి పోతే ఓదెలు హడావుడిగా వెంటపడ్డాడు. ఆయన చేయి చాచేలోపే నర్సమ్మ కాగితాలు నీరజకిచ్చేసింది.

"అమ్మది మంచిగ తగ్గింది. గీ పెద్దమనిషికెందుకు చేపిస్తున్నరు? ఈయనకు షుగర్ లేనే లేదు. పోయినేడు గూడ గదే చెప్పి పంపినం."

నీరజ మామ వైపు తిరిగింది. ఆయన కిటికీ చువ్వలను శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"ఏంది మామా గిది?"

"మెల్లగ బిడ్డా, ఇంటది." ఆయన బెంచీ వైపు దొంగచూపు చూశాడు. "దానికంటే చేసుకోదు. నాకంటే చేస్తది. చేస్తే తింటది. వేలు పోతదన్నరు గద, ఇంకెట్ల చెయ్యాలె?"

"మరి ఆ బజ్జీలు?"

"రోజు గా రొట్టెలు తిని సూడు, నీకే తెలుస్తది."

నీరజకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వెనకే ఒళ్ళు మండుకొచ్చింది. ఏడాది పాటు అలసిపోయి వచ్చి చేసిన పంచాయితీలన్నీ ఉత్తవేనన్నమాట!

"చెప్పకు బిడ్డా," ఓదెలు బతిమాలాడు. "తెలిసిందంటే రేపే మళ్ళ అన్నం వండుతది, మిగిలింది అదే తింటది."

అంతలో సత్తమ్మ లేచి వచ్చింది. తన సంగతి అడగనే లేదు. "నీ మామకెంతొచ్చింది?"

నీరజ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "మూడు వందల నలభై అత్తమ్మా."

"ఓ నా గాచారమా!" సత్తమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "ఇగ సూడు, రేపటి సంది పొద్దుగాల్నే కాకరకాయ రసం. నేను గూడ తాగుత నీతోని. ఎట్ల తాగవో సూస్త!"

ఆమె విసవిసా ముందు నడిచింది. ఓదెలు మొహం రసం తాగకముందే చేదెక్కింది. కోడలి పక్కకు జరిగి గొణిగాడు.

"రెండు వందలంటే సరిపోకపోవునా బిడ్డా?"