తప్పుల్లేని తెలుగు

ఏడేళ్లు మోశాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియనివ్వకుండా మోయడం ఇంకా బరువు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకు మొదటినుంచీ చెప్పాలనిపిస్తోంది.

మా దీవుల్లో బోట్లెక్కే ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్లిచ్చే ఆయన్ని బాబాయ్ అనేవాణ్ని. మా పేట డెలానీపూర్ మనిషే. దీవుల ఆ చివరనున్న డిగ్లీపూర్‌లో అమ్మకు జ్వరమని తెలిసి పొద్దున్నుంచీ లైన్లో నిలబడితే, నా వంతు వచ్చేసరికి బోటు నిండిపోయిందన్నారు బాబాయ్. రోడ్డు దారిన బస్సులో పడి వెళ్లాను. అమ్మ కోలుకుంది. నా కోపమే తగ్గలేదు. తిరిగొచ్చి, ఊళ్లోని తెలుగువాళ్ల ఇంటర్నెట్ గ్రూపులో దొంగ పేరుతో చేరి, బాబాయ్ సొంతవాళ్లకు వెనక కిటికీలోంచి టికెట్లిస్తాడని రాశాను. నేను చూశానా? లేదు.

ఆ గ్రూపులో అందరూ తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, సగం హిందీ కలిపి టైపు కొడతారు. ఎవరి కొట్టుడు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. దొరక్కూడదని నేను తెలుగు లిపిలో రాశాను. ఎంత తెలివి! అంత శుద్ధంగా రాయగలిగేది బడిలో మాకు తెలుగు చెప్పిన మాస్టారు ఒక్కరేనని ఊరంతా తేల్చేసింది.

మాస్టారూ బాబాయీ ఇరవై ఏళ్లు పక్కపక్క క్వార్టర్లలో ఉన్నారు. సాయంత్రం టీ కలిసే తాగేవారు. అది ఆగిపోయింది. రాసింది తాను కాదని మాస్టారు ఒక్కసారే చెప్పారు, బాబాయ్ నమ్మలేదు. చివరికి మాస్టారే అడిగి డిగ్లీపూర్‌కి బదిలీ చేయించుకున్నారు. సామాను మోయడానికి నేనే వెళ్లాను. ఎందుకు వెళ్లాను? జాలా? నన్ను అనుమానిస్తున్నారేమో కనిపెడదామనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

జెట్టీలో ట్రంకుపెట్టె మీద కూర్చుని ఆయన అన్నారు: "ఆడెవడో గానీ, ఒక్క ఒత్తు తప్పలేదురా. నా కాడే నేర్చుకునుంటాడు."

"ఎవడో, మాస్టారూ," అన్నాను.

ఆయన పెట్టె మీంచి లేచారు. నేను పెట్టె ఎత్తుకుని బోటు దాకా నడిచాను. తెలిసే అన్నారా, ఊరికే అన్నారా? తెలిస్తే నన్నెందుకు వదిలేశారు? అక్కడే నోరు విప్పి ఉంటే ఆయన ఆగిపోయేవారేమో. నాకు సిగ్గు కంటే భయమే ఎక్కువైంది.

నిన్న అదే గ్రూపులో సొంత పేరుతో, సొంత ఫొటోతో అంతా రాశాను. పొద్దున బాబాయ్ దారిలో ఎదురై మొహం తిప్పుకున్నారు. మాస్టారు చదివినట్టు గ్రూపులో కనిపిస్తోంది. జవాబిమ్మని అడిగే ముఖం నాకు లేదు. ఏడేళ్ల తర్వాత గుండె కొంచెం తేలికపడింది.

మీకు నా పేరు అక్కర్లేదు. తెలియాల్సినవాళ్లకు తెలిసింది.