నాడి పోయింది, నాడె దొరికింది

ఇప్పుడంటే చేతి గడియారమే గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతోందట. మా కాలంలో మనిషి బతికున్నదీ లేనిదీ తేల్చే పని వీధివాళ్లది. వాళ్లు లేదన్నారంటే, మనం మంచం మీద లేచి కూర్చుని అన్నం అడిగినా లాభం లేదు. నేను అట్లా రెండు రోజులు లేకుండా బతికాను. అక్షరాలు నాకు పేరు రాసేంతవరకే వచ్చు కాబట్టి ఇదంతా నోటితో చెబుతున్నాను. ఎక్కడైనా మాట గరుకుగా తగిలితే అది రాసినవాళ్ల తప్పు కాదు, నా గొంతే అంత.

గద్వాలలో మా అత్తగారిది నేత ఇల్లు. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ కలుపుతూ నేయడానికి మా మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడి పక్క మా ఆయన. ఎడమ పక్క మా మామ కూర్చునేవాడు, చూపు తగ్గాక మానేశాడు. పెళ్లయిన రెండేళ్ల నుంచీ కండెలకు నూలు చుట్టీ చుట్టీ విసిగిపోయిన నాకు ఆ ఖాళీ చోటు మీద కన్ను. మా యారాలికి (మరిది భార్య, నాకంటే ఏడాది చిన్నది, నోరు మాత్రం పదేళ్లు పెద్దది) కూడా దాని మీదే కన్ను. మా అత్త వారం రోజులు ఆలోచించి, "పెద్దది కూసుంటది, శుక్రారం నుంచి" అని తేల్చింది. నేను మంగళవారమే జ్వరం తెచ్చుకున్నాను.

మా వీధికి ఒక సూది డాక్టరు ఉండేవాడు. సైకిల్‌కు తోలుసంచి తగిలించుకుని వచ్చేవాడు, ఏ జబ్బుకైనా సూదే. కానీ సూది వేసేముందు నాడి చూడాలి, మగవాళ్లకు కుడిచేయి, ఆడవాళ్లకు ఎడమచేయి, అది ఆయన పట్టింపు. నా ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. వదిలాడు. మళ్లీ పట్టుకున్నాడు. నుదురు తుడుచుకుని, "నాడి దొరుకుతలేదు" అన్నాడు.

మా అత్తకు మగ్గం చప్పుడుకే సగం చెవులు పోయాయి. ఆమెకు నాడె దొరకడం లేదని వినపడింది. (నాడె అంటే నూలు కండెను కడుపులో పెట్టుకుని మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే కర్ర ముక్క. అది లేకుండా నేత లేదు.) "మొన్ననే కదా కొత్తది తెచ్చింది, యాడ పారేసిండ్రు" అని గొణుక్కుంటూ మగ్గం గుంతలోకి దిగింది.

పైన సూది డాక్టరు మా ఆయనతో మెల్లగా, "ధైర్యం తెచ్చుకో. నాడి అయితే పోయింది" అంటున్నాడు. కింద నుంచి మా అత్త, "దొరికింది, దొరికింది. గుంతల పడ్డది" అని కేకేసింది. డాక్టరు ఎగిరి కూర్చున్నాడు. "ఏం దొరికిందమ్మా?" అన్నాడు. "నాడె. జర దుమ్ము వట్టింది, తుడుస్తె అయిపాయె" అని ఆమె దాన్ని కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ కర్రను చూశాడు, నన్ను చూశాడు, సంచి సర్దుకున్నాడు.

"సారూ, కుడిచెయ్యి గూడ చూడు" అన్నాను నేను.

"ఆడోళ్లకు కుడిచెయ్యి చూడొద్దమ్మా. శాస్త్రం లేదు."

"ఆకలైతుంది సారూ, అన్నం తినొచ్చునా?"

ఆయన చాలాసేపు ఆలోచించి, "నాడి లేనోళ్లకు అన్నం అరుగుతదో లేదో నాకు తెల్వదు. జావ ఇయ్యుండ్రి" అని సైకిలెక్కాడు.

ఇక మొదలైంది. మరునాడు పొద్దెక్కేసరికి వీధంతా మా ఇంట్లో. వచ్చినవాళ్లు వచ్చినట్టు నా ఎడమచేయి పట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఊపి, పక్కవాళ్లకు అందించేవాళ్లు. మధ్యలో కొందరు సరిపోల్చుకోవడానికి తమ చేయి చూసుకుని, తమది ఉన్నందుకు సంతోషపడి వెళ్లారు. జ్వరం పొద్దున్నే దిగిపోయింది. ఆ సంగతి ఎవరికి చెప్పినా వినరు. "పాపం, సల్లవడ్డది" అని కళ్లొత్తుకున్నారు. సాయంత్రానికి నాకే అనుమానం వచ్చింది, కొంపదీసి నిజంగానే పోయానా అని. అప్పుడు మా యారాలు జావ గిన్నె పెట్టి, "నాడి లేని చేత్తోని నాడె ఏం ఇసురుతవక్కా. శుక్రారం నేనే కూసుంటలే, నువ్వు పరేషాన్ కాకు" అంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ ఏడుపు చూసి మా ఆయన, "మిషన్ పెట్టి చూసే డాక్టరమ్మ వనపర్తిల ఉన్నదంట, పోదం పా" అన్నాడు.

గురువారం పొద్దున బస్సెక్కాం. కాలు పెట్టే సందు లేదు. మా అత్త కండక్టరుతో, "జర జాగ ఇప్పియ్యి కొడ్కా, నా కోడలికి నాడి లేదు" అంది. ముందు సీట్లో నలుగురు ఒక్కసారిగా లేచారు. గట్టు అనే ఊరి నుంచి వస్తున్న పెద్దాయన ఒకడు మాత్రం పల్లీలు నములుతున్న నన్ను తేరిపార చూసి, "నాడి లేకుంటె మనిషి గిట్ల పల్లీలెట్ల తింటదమ్మా" అని, నా కుడిచేయి పట్టుకుని, "ఇగో, ఈడ టకటక కొట్టుకుంటున్నది గదా" అన్నాడు. మా అత్త ఆ చేయి లాక్కుంది. "పరాయి ఆడదాని కుడిచెయ్యి పడ్తవా, ఏందయ్యా నువ్వు" అంది. బస్సు బస్సంతా మా అత్త వైపే మాట్లాడింది. ఆయన పాపం వనపర్తి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ నా రెండు చేతులకూ చల్లటి జిగురు పూసి మిషన్ పెట్టింది. ఎడమచేతిలోంచి కూడా చప్పుడొచ్చింది, దూరంగా ఎవరో మగ్గం నేస్తున్నట్టు. ఆమె నవ్వి, "నాడి ఎక్కడికీ పోలేదు. రక్తం మోసే నాళాలు అందరికీ ఒకే లావు ఉండవు. గుండె దగ్గరి పెద్ద నాళాలే కొందరికి లావు, కొందరికి సన్నం. ఒకే మనిషికి కూడా రెండు చేతుల్లో తేడా ఉండొచ్చు. ఈమెకు ఎడమచేతిలో బొటనవేలు వైపుది పుట్టుకతోనే సన్నం, అందుకే వేలికి తగలదు. చిటికెనవేలు వైపుది లావుగా ఉండి ఆ చేతికి కావలసిన రక్తమంతా ఇస్తోంది. ఇది రోగం కాదు" అంది.

మా అత్తకు సన్నం అన్న మాట మాత్రం బాగా వినపడింది. "ఎన్నో నంబరు?" అంది.

డాక్టరమ్మ మిషన్ చూసి, "కుడిది రెండున్నర, ఎడమది ఒకటి" అంది. ఆమె చెప్పింది మిల్లీమీటర్లు. మా నూలు లెక్క తిరగేసి ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం. మంచి చీరకు నూరో నంబరు, దుప్పటికి ఇరవై.

"ఒకటో నంబరా? గోనెసంచిగ్గూడ గంత మోటు పోగు పెట్టరమ్మా" అని మా అత్త కూలబడింది. "రెండేండ్ల నుంచి ఇంట్ల తిప్పుకుంటున్న, నా కోడలు గోనెనా?"

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. మా ఆయన మధ్యలో పడి, అమ్మకు డాక్టరు లెక్క, డాక్టరుకు అమ్మ లెక్క చెప్పడానికి చాలా అవస్థపడ్డాడు. చివరికి డాక్టరమ్మే, "సన్నమేనమ్మా, పట్టు దారం అనుకో" అంది.

మా అత్త ముఖం వెలిగింది. "ఎడమది పట్టు, కుడిది నూలు. అంటే నా కోడలు గద్వాల చీరనే" అని మా ఆయన భుజం చరిచింది.

నాకు అదంతా పట్టలేదు. "మగ్గం మీద కూసోవచ్చునా డాక్టరమ్మా?" అని అడిగాను. "ఇరవై ఏళ్లు ఆ చేత్తోనే పని చేశావు కదా. రేపే కూర్చో" అంది. జిగురు కూడా తుడుచుకోకుండా లేచాను.

మా అత్త వీధిలో చెప్పిన తీరు వేరు. పట్టు అంచు నేయడానికి పట్టు నరం ఉన్న చేయే కావాలని డాక్టరమ్మ చీటీ రాసిచ్చిందంది. శుక్రవారం నేను ఎడమ పక్క కూర్చున్నాను. మా యారాలు మూడు రోజులు తన మణికట్టు నొక్కి చూసుకుని, "నాది గూడ సన్నగనే అనిపిస్తుందత్తా" అంటూ తిరిగింది. "నీది గంత మోటు, ఈడికే కనవడ్తుంది పో" అంది మా అత్త.

మా ఆయన పోయి మూడేళ్లయింది. నేను ఎడమ పక్క నుంచి కుడి పక్కకు జరిగాను, మా యారాలు ఎడమ పక్కకు వచ్చింది. ఇద్దరం ముసలివాళ్లమవుతూ పోట్లాడుకుంటూ నేస్తున్నాం. ఒక్కోసారి పోగు తెగి ఆగినప్పుడు, ఆ మంచం మీది పిల్ల గుర్తుకొస్తుంది. ప్రాణం పోయిందని ఊరంతా చెబితే సరేననుకుని పడుకుని, చోటు పోతుందనగానే వెక్కి వెక్కి ఏడ్చిన పిల్ల. అప్పుడు నవ్వొస్తుంది. జర జరిగి, ఆ పిల్లను కూడా మా ఇద్దరి నడుమ కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.