పరదా ఇవతలి కథ

మొన్న మా మనవరాలు గ్రహాంతరవాసుల సినిమా ఒకటి, వరసగా తీస్తున్నవాటిలో మూడో భాగమట, చూసి వచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి, రెండు భాగాలు మమ్మల్ని ఊరించి ఇప్పుడు మలుపు మార్చేశారు నానమ్మా, మొదటినుంచీ శత్రువన్నవాణ్ణి ఉన్నట్టుండి హీరోకు అన్నను చేశారు, నడిమధ్యలో కథ ఇట్లా మార్చొచ్చా అని, ఆ సినిమా నేనే తీసినట్టు నా మీద విరుచుకుపడింది. నేను నవ్వాను. మార్చొచ్చు తల్లీ, గట్టి కారణముంటే మార్చొచ్చు. మెట్‌పల్లిలో నేనూ ఒక బొమ్మ కథను సగంలో మార్చినదాన్నే. ఎందుకు మార్చానో చెబితే ఈ వయసులో ఇంత పగా అని మీరు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోండి, నాకేం.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులవి. నా ఈడువాళ్ళకు డేరా టాకీసులు గుర్తుండే ఉంటాయి. సంత మైదానంలో డేరా, కింద ఇసుక, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ నడుమ గోనెపట్టాల పరదా. ఇంగ్లీషు బొమ్మ వచ్చిందంటే పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండాలి, లేకపోతే జనం సగంలోనే ఇంటిదారి పట్టేవారు. పరదా అవతల మగవాళ్ళకు డేరా సేటు బావమరిది రేకు బూర పట్టుకుని చెప్పేవాడు. అతనికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, మీసం దువ్వుకుంటూ నోటికొచ్చింది చెప్పేవాడు. ఇవతల ఆడవాళ్ళకు నేను చెప్పేదాన్ని. మిషన్ బోర్డింగులో చదువుకున్నందువల్ల కాస్త ఇంగ్లీషు వచ్చు, పైగా మా ఆయన ఆ డేరాలోనే ఆపరేటర్. మా అవ్వకు మాత్రం డేరా అంటే సైతాను కొలువే. కూతురు అందులో గొంతు చించుకుంటుందని చర్చి సంఘంలో తల ఎత్తుకోలేకపోయేది. అంత బాధపడే మనిషీ ఒకసారి ముసుగు కప్పుకుని వెనక వరసలో కూర్చుని కథంతా విని, నేను చూడలేదనుకుని వెళ్ళిపోయింది.

మా ఆయనది సరిహద్దున ఉన్న బోథ్ దిక్కు. మాట్లాడేదే తక్కువ, అందులోనూ సగం మరాఠీ కలిసేది. ఆయనకు ప్రీతి అంటూ ఉంటే ఆ యంత్రం మీదే. రెండు కార్బన్ కడ్డీల కొనలు దగ్గరికి వస్తే పుట్టే తెల్లని మంట, బొమ్మను తెర మీద పడేసేది అదే. నల్లద్దంలోంచి ఆ మంటను ఆయన చూసే తీరు చూస్తే పెళ్ళాన్నయిన నాకు ఈర్ష్య కలిగేది.

ఆ ఏడు వారానికొక భాగం చొప్పున నడిచే ఇంగ్లీషు బొమ్మ ఒకటి వచ్చింది. వేరే గ్రహంనుంచి దిగిన ముసుగు రాజు, ఊళ్ళను బూడిద చేసే వెలుతురు యంత్రం, ఎవరింట్లో ఏముందో కూర్చున్నచోటనే చూపించే మాయ అద్దం. టీవీ అన్న పేరైనా వినని కాలం కదా, ఆ అద్దం చూసి ఆడవాళ్ళు కొంగులు సర్దుకునేవారు. ముసుగు వెనక ఉన్నదెవరన్నది అసలు మలుపు. నేతగాళ్ళ ఇళ్ళలో కండెలు చుడుతూ వారమంతా దాని మీదే పందేలు. రీళ్ళన్నీ ఒకే పెట్టెలో రావడంతో మా ఆయన చివరిదాకా చూశాడు. రాజు మరెవరో కాదు, హీరోకు చదువు చెప్పిన ముసలి శాస్త్రవేత్తేనని నా ఒక్కదాని చెవిన వేశాడు.

బొమ్మ సగానికి వచ్చిన వారం యంత్రం గదిలో కార్బన్ కడ్డీలు మాయమయ్యాయి. ఆ గది తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉండేది, ఒకటి మా ఆయన దగ్గర, ఒకటి సేటు బావమరిది దగ్గర. అతను సంత రోజున, పట్టపగలు, మా ఇంట్లోంచి రేకు పెట్టె ఈడ్చుకొచ్చి బజారు నడుమ బోర్లించాడు. నా పెళ్ళిచీర, లోపలి బట్టలు, బైబిలు, అన్నీ దుమ్ములో పడ్డాయి. కడ్డీలు లేవు.

"దొర్కుత లేవంటే అమ్ముకున్నట్టే గద" అన్నాడు.

సేటు తలాడించాడు. మా ఆయన వంగి ఒక్కొక్క బట్టా దులిపి, మడతపెట్టి పెట్టెలో సర్దాడు. అందరూ చూస్తుండగా నా బట్టలు ఆయన అట్లా మడతపెట్టడం ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన తన అన్న పత్తిచేనికి వెళ్ళిపోతానని బోథ్ బస్సెక్కుతూ ఒక్కటే అన్నాడు.

"నేను దొంగను కానని నీకు ఎరుకే గద. సాలు."

ఆయనకు చాలింది, నాకు చాలలేదు. నేను ఆయన వెంట వెళ్ళలేదు, మా అవ్వ దగ్గర ఉండిపోయాను. సేటు అరువు కడ్డీలూ వేరే ఆపరేటర్‌నూ తెప్పించి బొమ్మ నడిపిస్తున్నాడు. నేను కథ చెప్పకపోతే ఆడవాళ్ళు డేరా గడప తొక్కరని సేటమ్మ కబురు పెడితే, సిగ్గులేనిదానా అని అవ్వ తిడుతున్నా వినకుండా వెళ్ళాను. ఆదివారం చర్చిలో అయ్యగారు నా వైపే చూస్తూ క్షమాపణ గురించి బోధించారు. నేను కళ్ళు మూసుకుని, వచ్చే భాగంలో కథ ఎట్లా తిప్పాలో ఆలోచించుకున్నాను.

అదృష్టం కొద్దీ ఆ బొమ్మలో హీరో పక్కనుండే సహాయకుడొకడు, ఏ కారణానో, సగంనుంచి మళ్ళీ కనిపించడు. వాణ్ణి పట్టుకున్నాను. వెలుతురు యంత్రం నడిపేది వాడేననీ, కడ్డీలు దొంగిలించాడని నింద వేసి వెళ్ళగొట్టారనీ చెప్పాను. ముసుగు రాజు వెంట తిరిగే మీసాల సేనాపతిని రాజుకు బావమరిదిని చేశాను. చేశానో లేదో పరదా ఇవతల నవ్వులు. అవతల రేకు బూర మోతలో వాళ్ళకు ఇదేమీ వినపడలేదు. ఒకే ఇంటినుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు రెండు కథలు మోసుకుని ఇంటికి పోయి అన్నాల దగ్గర కొట్లాడుకునేవారట.

ఆ తర్వాతి భాగంలో మాయ అద్దం వచ్చింది. అద్దంలో ఏదో కొట్టుగది, వరసగా బస్తాలు. మన దిక్కు ఎవరైనా ఏదైనా దాచాలంటే ఎక్కడ దాస్తారు? నేను గాలిలో రాయి వేశాను. సేనాపతి కడ్డీలన్నీ వడ్ల గుమ్మిలో దాచాడనీ, రాజు అద్దానికి అంతా కనబడుతున్నదనీ చెప్పాను. సేటమ్మ పక్కన ఆమె తమ్ముడి భార్య కూర్చుని ఉంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. సేటమ్మ చెయ్యి పట్టుకుంది.

"వదినె, గా అద్దంల మా గుమ్మి ఎట్ల కనవడ్డది? నేను ఎవ్వలికి చెప్పలే."

ఎంత మెల్లగా అన్నా ఆ వరసలన్నిటికీ వినపడింది. సేటమ్మ లేచి వెళ్ళిపోయింది. తెల్లారేసరికి గుమ్మిలోంచి కడ్డీలు బయటపడ్డాయి, వేరే ఊరి డేరాకు అమ్మడానికి దాచినవట. ఆ పూట నేను తిన్న జొన్నరొట్టె రుచి మళ్ళీ ఏ పెళ్ళివిందులోనూ దొరకలేదు.

సేటు గుట్టుగా కబురు పంపాడు, జరిగిందేదో జరిగింది, ఆపరేటర్‌ను రమ్మనమని. నేను ఆ కబురు తెచ్చినవాడితోనే జవాబు పంపాను.

"మా పెట్టె బజార్ల విప్పిండ్రు. మాట సుత బజార్లనే చెప్పాలె. సేటు బామ్మర్ది నోటితోని, ఆయన బూరతోని."

అప్పటికి మిగిలింది ఆఖరి భాగం, ముసుగు తీసే భాగం. నేను డేరాలో అడుగుపెట్టనన్నాను. సేటు ఇంకెవరినో తెచ్చి నిలబెట్టినా ఒక్క ఆడమనిషీ రాలేదు. మాకు మా కథే కావాలన్నారు. మేము లేకుండా మీరెట్లా పోతారని మగవాళ్ళనూ పోనివ్వలేదు. పొయ్యి ముట్టించని ఇళ్ళు కూడా ఉన్నాయని విన్నాను. గంజి పెట్టిన పడుగు దారాలు ఎండిపోతున్నా పట్టించుకోకుండా, ముసుగు వెనక ఎవరక్కా అని మా వాకిట్లోకి వచ్చి అడిగేవారు. డప్పుల బండి తిరిగి ఆ మాట ఊరంతా చెప్పినాకనే చెప్తానన్నాను.

చివరికి బండి తిరిగింది. కొత్త బొమ్మ వచ్చినప్పుడు డప్పులతో ఊరంతా తిరిగే ఎడ్లబండి మీద సేటు బావమరిది నిలబడి, బూర నోటికి పెట్టుకుని, కడ్డీలు దాచింది తానేననీ ఆపరేటర్ దొంగ కాదనీ వాడవాడలా చెప్పాడు. నేతవాడలో మగ్గాలు ఆపి మరీ విన్నారు. నేను బండి వెనకే నడిచాను. అతని గొంతు తగ్గిన ప్రతిచోటా, "వినవడ్త లేదు" అన్నాను. అతను మళ్ళీ చెప్పేవాడు. కసి తీరిందా అంటే తీరింది, అబద్ధమెందుకు.

ఆ వారం ఆడవాళ్ళ వైపు ఇసుక రేణువు కనబడనంత జనం. తెర మీద ముసుగు తీస్తే ముసలి శాస్త్రవేత్త ముఖం బయటపడింది. ఇదీ ముసుగే, దీని కింద ఉన్నది సేనాపతి ముఖమే, రాజూ వాడే దొంగా వాడే అన్నాను. కళ్ళ ముందు ముసలాయన గడ్డం కనబడుతుండగానే ఊరి ఆడవాళ్ళంతా నా మాటే నమ్మారు.

మర్నాడే బోథ్ వెళ్ళి చేనిగట్టు మీద కూర్చోబెట్టి మా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాను. పత్తి ఏరుతూనే విన్నాడు. అంతా అయ్యాక, ఇప్పుడు యంత్రం ఎవరు నడుపుతున్నారని అడిగాడు. పోదాం పద అన్నాను.

"వద్దు. గా మంట ముంగట నిలవడితే బజార్ల పడ్డ బట్టలే కనవడ్తయి" అన్నాడు.

తాను కన్నుమూసేదాకా ఆయన మళ్ళీ డేరా మొహం చూడలేదు, నన్ను కూడా కథ చెప్పమనలేదు. నేను ఆయన పోయిన పేరు తెచ్చిపెట్టాను గానీ ఆయన పని తెచ్చిపెట్టలేకపోయాను. అందుకే సేటు బావమరిది మంచాన పడి, ఒక్కసారి వచ్చి పొమ్మని మనిషిని పంపినప్పుడు వెళ్ళలేదు. క్షమించలేదు, ఇప్పుడూ క్షమించను, ఆ లెక్క దేవుడూ నేనూ చూసుకుంటాం.

ఇప్పటి హాళ్ళలో ఆడా మగా అంతా కలిసి కూర్చుంటారు, కథ అర్థం కావడానికి పక్కన మనిషి అక్కర్లేదు. యంత్రం కూడా దానంతటదే నడుస్తుందట, గదిలో ఎవరూ ఉండరట. సరే, దొంగ అని బజారుకీడ్చడానికి ఇక అక్కడ ఎవరూ దొరకరు. కానీ చీకట్లో కూర్చుని తలతిప్పి వెనక ఆ వెలుతురు వచ్చే కన్నం వైపు చూస్తే, దాన్ని అంత ప్రేమగా చూసుకునే మనిషి కూడా అక్కడ లేడు.