క్వారీ కొండ దిగిన సైకిళ్ళు

రెండు రోజులుగా మా హాలంతా కొత్త టైరు రబ్బరు వాసన. భవానీపురంలో మా ఫ్లాటు ఉన్నదే అగ్గిపెట్టెంత. అందులోకి మా మేనల్లుడు వినయ్, అంటే మా పెదనాన్న మనవడు, తన సైకిలు తెచ్చి సోఫాకి ఆనించి పోయాడు. కింద పార్కింగులో పెడితే గీతలు పడతాయట. వచ్చే రెండో శనివారం వాళ్ళ ఆఫీసు పిల్లలంతా కలిసి మన్యం కొండల్లోకి సైకిలు యాత్ర పోతున్నారు. ఆ పూట ఆ ఘాట్ రోడ్డు మీద బళ్ళేవీ తిరగవట, అదే దాని గొప్పట. పైగా యాత్రకి వాళ్ళ తాతయ్య పేరు పెట్టారు. "మన వైపు నుంచి సైకిళ్ళేసుకుని కొండలెక్కిన మొదటి మనిషి తాతయ్యే కదత్తా. నువ్వూ వెళ్ళేదానివంట. బయల్దేరే ముందు ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నాడు. నాలుగు మంచి మాటల కోసం రెండు రోజులు వెతికాను. ఒక్కటి దొరికింది. చర్చిలో పాటలు బాగా పాడేవాడు.

మాది ఉయ్యూరు పక్కన కాలవగట్టు మీది పల్లె. మా వైపు నేల అరుగు అలికినట్టు చదునుగా ఉంటుంది. ఎత్తంటే మాకు కాలవగట్టు, అది కాకపోతే కోతల తర్వాత వేసే వరికుప్ప, అంతే. ఈస్టరు వచ్చేసరికి మినుము పీకడం అయిపోయి, పొలాలు నెర్రెలిచ్చి, కాలవ కట్టేయడంతో అడుగున మిగిలిన బురదలో పిల్లలు కొర్రమీనుల కోసం దేవులాడుతూ, ఊరంతా చేపల నీచూ ఎండిన మినపకట్టె వాసనా కలిసి కొట్టేది. శుక్రవారం సాయంత్రం దాకా ఉపవాసాలు. ఆదివారం చీకటితో లేచి తలంట్లు, కొత్త గౌన్లు, కొత్త హవాయి చెప్పులు. ఆరాధన అయి ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి మీద కోడికూర కుతకుతలాడుతూ, పక్కన గారెల పిండి రుబ్బి మూతేసి ఉండేది.

ఇక సైకిళ్ళు. మా ఊళ్ళో సైకిలు లేని ఇల్లు అరుదు, బ్రేకులున్న సైకిలు అంతకంటే అరుదు. బ్రేకు రబ్బర్లు అరిగాయంటే మళ్ళీ వేయించే ఆచారమే లేదు. వాటి కడ్డీలు పీకి అటక మీద పడేసి, "పల్లంలో బ్రేకెందుకురా, కాలికి చెప్పుందిగా" అనేవాళ్ళు. ఆగాలనుకున్నవాడు కాలు చాపి ముందు టైరు మీద చెప్పుతో అదిమేవాడు. ఊళ్ళో ఏ మగాడి కుడి చెప్పు చూసినా మధ్యలో టైరు కోసిన గాడి ఉండేది. చదునునేల మీద అది సరిపోయేది కూడా.

పెదనాన్న మా సంఘానికి పెద్ద. ఇస్త్రీ పంచె, చేతిలో గొడుగు, ఆయన అరుగు మీద కూర్చుంటే వీధిలో మేం చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలన్నంత డాబు. ఆయన సైకిలుకి కొబ్బరినూనె గుడ్డతో రోజూ మర్దనా జరిగేది, మనుషులకి కూడా ఆ ఇంట్లో అంత సేవ లేదు. ఏటా ఈస్టరు మర్నాడు చీకటితోనే ఆయన మా ఇళ్ళలోని పిల్లల్ని సైకిళ్ళతో వెంటేసుకుని బెజవాడ అవతల, పడమటి కొండల్లోకి తీసుకెళ్ళేవాడు. అక్కడొక రాళ్ళ క్వారీ ఉండేది. మామూలు రోజుల్లో ఆ దారి నిండా లారీలే. అయితే రాళ్ళు కొట్టేవాళ్ళలో ఎక్కువమంది మా మతస్తులే కావడంతో ఆ ఒక్క రోజూ క్వారీకి సెలవు. కొండ పైదాకా మెలికలు తిరిగిన దారి, దాని మీద ఒక్క బండి లేదు, హారన్ లేదు. తెల్లటి రాతిపొడి మీద కౌజుపిట్టల అడుగులు తప్ప ఏమీ ఉండేవి కావు.

నేను సైకిలు నేర్చుకున్నది మా నాన్న సైకిలు మీద, మధ్య కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి. ఊళ్ళో చదునుదారి నాకు ఆనేది కాదు. కొండ మీద నుంచి సైకిలు దానంతటది దిగుతుందని, తొక్కనక్కర్లేదని ప్రభాకరన్నయ్య చెప్పాడు. వాడు పెదనాన్న కొడుకు, ఈ వినయ్‌కి తండ్రి. ఆ మాట విన్న రోజు నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు. ఒక్కసారి, నేనొక్కదాన్నే, ఆ కొండ దిగాలి. పెదనాన్ననడిగితే "పైకెళ్ళాక ఇస్తాలేవే" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఏడాదంతా బతికాను.

ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ, ప్రభాకరన్నయ్య చెల్లెలు లిల్లీ అక్కా. ఎక్కేటప్పుడు మగపిల్లలు హ్యాండిళ్ళు పట్టుకుని నడిచేవాళ్ళు, మేం వెనక నుంచి సైకిళ్ళు తోసేవాళ్ళం. రాతిపొడి కళ్ళల్లో పడి, చెమటకి తడిసి ముద్దయి బుగ్గల మీద కారేది. వేప పూత వాసన, ఎండకి కాలిన రాతి వాసన, సీతాఫలం పొదల్లో పికిలిపిట్టల గోల. పైకెళ్ళి వెనక్కి తిరిగితే కృష్ణ మొత్తం కనపడేది, దాని వెంబడే దూరంగా మా పల్లం, చెరుకుతోటలతో ఆకుపచ్చగా, మసక మసగ్గా. అరిటాకుల్లో కట్టిన పులిహోర, రాత్రి మిగిలిన కోడివేపుడు ముందు మగపిల్లలు తినేవాళ్ళు. అడుగూ బొడుగూ మాకు.

దిగేటప్పుడు మమ్మల్ని వెనక క్యారియర్ల మీద రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోబెట్టేవాడు పెదనాన్న. "మడమలు నేలకి ఆనించి గట్టిగా అదమండి. వదిలారంటే అందరి పళ్ళూ రాలతాయి" అనేవాడు. కింద వదిలి మళ్ళీ పైకి నడిపించి ఇంకో సైకిలు దింపించేవాడు. మొదటి ఏడు అదొక ఆటనుకున్నాను. ముందు ప్రభాకరన్నయ్య రెండు చేతులూ గాల్లోకి లేపి కేకలు పెడుతుంటే, వెనక నా మడమల కింద గులకరాళ్ళు టపటపా ఎగిరిపడేవి. ఇంటికొచ్చేసరికి కొత్త చెప్పుల మడమల దగ్గర కన్నాలు. "పండక్కి కొన్నవి పండగ చల్లారకుండానే తగలేశావే!" అని అమ్మ చీపురు తిరగేసింది. రెండో ఏడు చెప్పులు సగంలోనే తెగిపోయి మడమలు బొబ్బలెక్కాయి. నా వంతు ఎప్పుడని అడగబోతే లిల్లీ అక్క నా చెయ్యి గిల్లింది. "నోర్మూసుకోవే. అడిగావంటే వచ్చే ఏడు అసలు తీసుకురారు" అంది. తీసుకురాకపోవడం కంటే తోసుకుంటూ రావడమే నయమనుకునే స్థితి మాది.

మూడో ఏడు నేను ఊరుకోలేదు. పైన పులిహోర తిని చేతులు కడుక్కుంటున్న పెదనాన్న దగ్గరికెళ్ళి ఆయన సైకిలు హ్యాండిలే పట్టుకున్నాను.

"ఇస్తానన్నారుగా పెదనాన్నా. మూడేళ్ళయింది."

ఆయనకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. నిజంగానే ఆశ్చర్యపోయి చూశాడు.

"ఇవ్వడానికేముందే పిచ్చిదానా! నువ్వు తొక్కితే మరి వెనకాల కూర్చునేదెవరూ?"

అప్పుడు తెలిసింది, మమ్మల్ని కొండ చూపించడానికి తీసుకురాలేదని. తోసేందుకు, ఆపేందుకు తెచ్చారు. ఇంట్లో అటక మీద పడేసిన కడ్డీలకి బదులు మేం. వెళ్ళి ఆయన వెనక ఎక్కాను. మొదటి మలుపు దాకా మడమలు అదిమాను. రెండో మలుపు తిరిగాక, ముందు దారి సూటిగా కిందికి కనపడగానే, రెండు కాళ్ళూ పైకెత్తేశాను.

ఆ గాలి నాకింకా గుర్తుంది. గౌను చెవుల దాకా లేచింది, జడలు వెనక్కి పోయాయి, పొదలన్నీ కలిసి ఒక్క పచ్చగీతైపోయాయి. పెదనాన్న చెప్పుకాలు టైరు మీద పెట్టబోతే చెప్పు ఊడి ఎటో పోయింది. "కాళ్ళు దించవే! దించవే నీయమ్మ!" అని సంఘ పెద్ద నోట రాకూడని మాటలన్నీ వచ్చాయి. నేను దించలేదు. తప్పు చేశానని ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోను. దారి పక్కన పోసిన రాతిపొడి గుట్టలోకి ఇద్దరం సైకిలుతో సహా వెళ్ళి దిగబడ్డాం. నాకు మోకాలు దోక్కుపోయింది, ఆయనకి మోచెయ్యి బెణికి పంచె నిలువునా చిరిగింది. కనుబొమ్మల దాకా తెల్లటి పొడి పట్టి లేచి నిలబడి నా వంక చూశాడు. కొడతాడనుకున్నాను. ఇంతలో పై నుంచి పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు.

"చెయిన్ తెగిందిరా" అన్నాడు వాళ్ళతో.

చెయిన్ శుభ్రంగా దాని చోట అది ఉంది. లిల్లీ అక్క దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి వోణీ నోట్లో కుక్కుకుంది. ఆడపిల్ల కాళ్ళెత్తేస్తే తాను పడ్డానని చెప్పుకోలేక ఆయన చెయిన్ మీద పెట్టాడు, ఊరంతా అదే నమ్మింది. మరుసటేడు మగపిల్లలందరూ సైకిళ్ళకి బ్రేకులు వేయించుకున్నారు. మమ్మల్ని తీసుకెళ్ళలేదు. బ్రేకులొచ్చాక మాతో పనేముంది?

నిన్న సాయంత్రం ఇదంతా వినయ్‌కి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఇది మాత్రం అక్కడ చెప్పకత్తా. చెయిన్ తెగినా తాతయ్య హ్యాండిల్ వదల్లేదనే రాయించాం బ్యానర్ మీద" అన్నాడు.

ఆ కొండ ఇప్పుడు లేదు. ఏళ్ళ తరబడి తవ్వి, పేల్చి, కంకర చేసి తరలించారు. హనుమాన్ జంక్షన్ వైపు లారీలు దడదడలాడించే రోడ్డు కింద ఎక్కడో పడి ఉంటుంది. కొండ ఉన్నచోట పాచినీళ్ళ గొయ్యి, చుట్టూ ముళ్ళకంచె. సీతాఫలం పొదల్లేవు, పైకెళ్ళి చూసుకోవడానికి మా పల్లం కూడా అప్పటంత పచ్చగా లేదు. నేను నర్సు ఉద్యోగం చేసినన్నాళ్ళూ భవానీపురం సందుల్లో లేడీస్ సైకిలు మీదే డ్యూటీకి వెళ్ళాను, అదంతా చదునే. లిల్లీ అక్క పెళ్ళయ్యాక సైకిలు ముట్టుకోలేదు, పోయిన ఏడు కాలం చేసింది. తన కొండ తను దిగకుండానే పోయింది. అది తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

ఇవాళ పొద్దున వినయ్ మళ్ళీ వచ్చాడు. నాలుగు మాటలు రాశావా అని అడిగి, బతిమాలే గొంతు పెట్టాడు. "నీకేం శ్రమ ఉండదత్తా. నాన్న కూడా సైకిలు మీద వస్తానన్నాడు, ఆయన కోసం ఇంకోటి తెప్పించాం. మా వెనకాలే జీపు వస్తుంది, నీళ్ళూ అరటిపళ్ళూ అన్నీ అందులోనే. నువ్వు హాయిగా జీపులో కూర్చో" అన్నాడు.

"జీపులో మీ నాన్నని కూర్చోబెట్టరా" అన్నాను. "ఆయనకి తెప్పించిన సైకిలుకి సీటు కాస్త కిందికి దించు."