అక్క పేరుకు వేసిన తాళం

కువైట్‌లోని ఫర్వానియాలో వాయిదాల మీద సామాన్లు అమ్మే ఒక కంపెనీలో కొన్నేళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఫ్రిజ్జు, టీవీ, కుట్టు మిషను, మొబైల్ ఫోను, ఏది కావాలన్నా రెండు కాగితాలు చాలు. ఒకటి జీతం కాగితం. రెండోది బతాకా జిరాక్సు. బతాకా అంటే మనం మనమేనని కువైట్ ప్రభుత్వం ఒప్పుకున్నట్టు చెప్పే ప్లాస్టిక్ కార్డు. కాగితాలతో పాటు మనిషి కూడా వస్తే సంతోషించేవాళ్లం గానీ, రావలసిందేనని ఎవరూ పట్టుబట్టేవారు కాదు. బీకాం చదివి కోనసీమ నుంచి అంత దూరం వెళ్లినవాణ్ని కాబట్టి నాకు ఏసీ గదిలో కుర్చీ ఇచ్చారు. ఏసీ పనిచేసేది కాదు, కుర్చీ మాత్రం బాగానే ఉండేది.

మా గది ఉన్న వీధిలోనే ఒక లేడీస్ టైలరింగ్ షాపు ఉండేది. అందులో కడప వైపు నుంచి వచ్చిన ఒకావిడ కుట్టుపని చేసేది. అందరం అక్కా అనేవాళ్లం. ఆవిడకు సొంత తమ్ముళ్లున్నారో లేదో నాకు తెలియదు. ఫర్వానియాలో మాత్రం కొరత లేదు.

అక్కకు ఒక అలవాటుండేది. అరబ్బుల ఇళ్లలో పనికి ఊరి నుంచి కొత్తగా దిగిన అమ్మాయిలకు ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి పడి, బతాకా చేతికందేసరికి నెలలు పట్టేది. బతాకా లేకపోతే సిమ్ము రాదు. సిమ్ము లేకపోతే తాము బతికే ఉన్నామని ఇంటికి చెప్పుకునే దారి లేదు. అందుకని అక్క తన బతాకా జిరాక్సులు ఇచ్చి, తన పేరు మీద వాళ్లకు సిమ్ములు తీయించేది. ఆవిడ చేతిసంచిలో జిరాక్సుల కట్ట ఎప్పుడూ ఉండేది, కొందరి సంచిలో తమలపాకులు ఉన్నట్టు. బతాకా వచ్చాక ఆ అమ్మాయిలు నంబరును తమ పేరుకు మార్చుకోవాలి. మార్చుకున్నవాళ్లను నేను చూడలేదు. అక్క పేరు ముబారక్ అల్ కబీర్ నుంచి అర్దియా దాకా చాలా వంటిళ్లలో మోగుతూ ఉండేది. ఆవిడ మాత్రం షాపు దాటి పెద్దగా వెళ్లేది కాదు.

ఒక ఏడాది రంజాన్ ఇంకా దూరంగా ఉండగానే షాపు యజమాని అక్కకు ఒక మాటిచ్చాడు. ఎంబ్రాయిడరీ మిషను సొంతంగా తెచ్చుకుంటే కిటికీ పక్క మూల ఆవిడకే ఇస్తానని, అద్దె పోగా పండగ గిరాకీ అంతా ఆవిడదేనని, రంజాన్ మొదలయ్యేలోపు మిషను రాకపోతే ఆ మూల ఇంకో టైలరుకు ఇస్తానని. జీతానికి కుట్టే మనిషికి అది చిన్న మాట కాదు. అక్క కాగితాలు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది.

నేను పేరు కొట్టి చూశాను. ఆవిడ పేరు మీద అప్పటికే రెండు ఖరీదైన ఫోన్లున్నాయి. ఒక్క వాయిదా కూడా కట్టలేదు.

"ఫోన్లా? నేను ఈ డబ్బా ఫోనుతోనే నెట్టుకొస్తాండా గదా నాయనా," అంది అక్క.

అదృష్టవశాత్తూ ఆ ఫోన్లు తీసుకున్న నాటికి ఆవిడ సెలవు మీద ఇండియాలో ఉంది. పాస్‌పోర్టులో ముద్రలున్నాయి. మా ముదీర్, అంటే మేనేజరు, ఆ ముద్రల్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, చెంప గోక్కుని, బాకీ కొట్టేయమన్నాడు. మా ఆఫీసులో క్షమాపణ చెప్పే పద్ధతి అదే.

కానీ సిమ్ముల కోసం అక్క పంచిన జిరాక్సులు ఇంకా ఎవరి దగ్గర ఉన్నాయో ఎవరికి తెలుసు. ఇలాంటి పేర్ల కోసం మా కంప్యూటర్లో రెండు గడులుండేవి. ఒకటి ఫ్రీజ్, రెండోది అలర్ట్. మాతో పాటు ఇదే వ్యాపారం చేసే మరికొన్ని కంపెనీలు కూడా అదే ఫైలు చూసేవి. ఏ గడిలో టిక్కు పెట్టాలో ఆవిడే చెప్పాలి.

"ఫ్రీజ్ అంటే తలుపుకి తాళం వేసెయ్యడమండి," అన్నాను. "మీ పేరు మీద ఎవరికీ వాయిదా పుట్టదు. మీరొచ్చినా పుట్టదు. మీరు స్వయంగా వచ్చి తియ్యమని రాసిచ్చి, మా వాళ్లు సరేనన్నాకే."

"నా ఇంట్లోకి నన్నే రానీరా?"

"రానిస్తారండి. కాస్త వాకిట్లో నిలబెడతారు."

"రెండోది?"

"అలర్ట్. తలుపు తీసే ఉంటుందండి, గుమ్మంలో కాపలా మనిషి ఉంటాడు. ఎవరైనా మీ పేరు చెబితే ముందు మీకు ఫోన్ చేసి అడగాలి. మీరు ఔనంటేనే ఇస్తారు."

"కాపలావాడు నిద్రపోతే?"

"పోవచ్చండి. వాడు మా కంపెనీ మనిషే కదా."

అక్క నవ్వింది. "రెండోదే పెట్టు. మిషను ఇప్పుడే కావాల. ఇంగా, ఈ దేశంలో తాళాలు ఇప్పటికే శానా ఉండాయిలే."

అలర్ట్ పెట్టాను. మిషను కాగితాలు పైకి పంపాను. అవి ఆమోదమై వచ్చేలోపే అర్దియా బ్రాంచి నుంచి ఇంకో కాగితం వచ్చింది. అక్క పేరు మీద మరో ఫోను. కింద 'కస్టమర్‌ను అడిగాం, ఒప్పుకున్నారు' అని రాసి ఉంది. ఆవిడను అడిగితే తనకు ఏ ఫోనూ రాలేదంది.

అర్దియా గుమాస్తా నిద్రపోలేదు. పాపం, పని చేశాడు. ఫైల్లో అక్క పేరు కింద కనిపించిన నంబర్లన్నీ ముందు పెట్టుకుని పైనుంచి మొదలుపెట్టాడు. మొదటగా ఎత్తింది ఒక ఆడగొంతు. అడిగినదానికల్లా ఔనంది. అతను టిక్కు పెట్టాడు. సామాను ఇంకా చేతులు మారలేదు కాబట్టి ఆపించాను. దాన్ని తీసుకెళ్లడానికి రావలసినవాడు తర్వాత ఆ చుట్టుపక్కల కనిపించలేదు.

అక్క నా ఎదురుగానే ఆ నంబరుకు చేసింది. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేసే అమ్మాయి ఎత్తింది.

"ఏమ్మే, నీకు ఆఫీసోల్లు ఫోన్ చేసినారా?"

"చేసినారక్కా. అరబ్బీలో ఏందో అడిగినారు. ఐవా అంటి."

"ఏమడిగినారో తెలుసునా?"

"తెలీదు. ఈ ఇంటి మామా, అదే మా మేడమ్మ, ఏమడిగినా ఐవా అంటే గమ్మునుంటాది, అదే అలవాటైపోయింది. నడుమ నీ పేరు చెప్పినారు. నీకేదో మంచే జరుగుతాందిలే అనుకొంటి."

"శానా మంచి చేస్తివి తల్లీ. అన్నం తిన్నావా?"

ముదీర్‌కు సంగతంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, ఓపిక లేనివాడు. "అలర్ట్ ఉండాలంటే ఆమె పేరు మీద ఒక్క నంబరే ఉండాలి. మిగతావన్నీ రద్దు చేయించుకుని రమ్మను, రేపే మిషను ఇచ్చేద్దాం. కుదరదంటే ఫ్రీజ్. ఖలాస్," అన్నాడు.

ఇప్పటికీ ఆయన మాటలో తప్పు పట్టలేను. అలర్ట్ నిలబడేది ఫోన్ ఎత్తిన మనిషి ఆ పేరు గల మనిషేనన్న నమ్మకం మీద. మేమేమో ఒక్కో పేరును పదిమందిమి వాడుకుంటూ బతికేవాళ్లం. ఒకరి పేరు మీద సిమ్ము, ఇంకొకరి పేరు మీద గది, మరొకరి పేరు మీద ఇంటర్నెట్టు. మా గది కరెంటు బిల్లు ఎప్పుడో ఊరెళ్లిపోయిన ఒక పెద్దమనిషి పేరు మీద వచ్చేది. ఆయన మీద మాకందరికీ ఎంతో గౌరవం.

నేను అక్కకు సిమ్ములు రద్దు చేయించమనే సలహా ఇచ్చాను. "ఆ అమ్మాయిలకి ఈపాటికి బతాకాలు వచ్చే ఉంటాయండి. వాళ్ల పేరు మీద వాళ్లు తీసుకుంటారు."

"ఎవురు తీస్కపోతారు వాళ్లను అంగడికి? శుక్రవారం గూడా గేటు దాటనీరు కొంతమందిని. ఆ నంబరు పోతే మళ్లా ఇంటికి మాట్లాడేది ఎన్నాళ్లకో."

"మరి కిటికీ మూల పోతుందక్కా. ఫ్రీజ్ పెట్టి మళ్లీ తీయించాలంటే, ఇంతలో రంజాన్ వచ్చేస్తే ఆఫీసు సగం పూటే."

"ఎవురో దొంగనాయాలు చేసినదానికి పిల్లోల్ల ఫోన్లు కోయాల్నా?"

"కోయమనట్లేదండీ..."

"నువ్వు అండీ అంటాంటే కోయమన్నట్లే ఉండాది. తాళమేయి."

వేశాను. వేసిన వెంటనే, మిషను కోసం దాన్ని తీయమని అక్కతో రాయించుకుని పైకి పంపాను. ముదీర్ ఆ కాగితం రెండుసార్లు చదివి, నావైపు ఒకసారి చూశాడు. పై ఆఫీసు నుంచి సంతకం రావాలి. అక్క షాపులో సెలవడిగి స్వయంగా వచ్చి ముఖం చూపించింది. సంతకం చేయవలసిన ఆయన ఊళ్లో లేడు. ఆయన వచ్చేసరికి నెలవంక కనిపించింది, ఆఫీసు వేళలు కుదించుకుపోయాయి. మిషను షాపుకు చేరేనాటికి కిటికీ మూలలో ఇంకో టైలరు కూర్చుని ఉన్నాడు. యజమాని కొంచెం మొహమాటపడి, ఇస్త్రీ బల్ల పక్కన చోటు చూపించాడు. ఆ వేడిలో అంతవరకు ఎవరూ కూర్చోలేదు.

మిగిలిన సంతకాల కోసం అక్క చివరిసారి ఆఫీసుకు వచ్చింది. పని అయ్యాక కూడా లేవలేదు.

"మళ్లా తాళమేయి."

"మళ్లీ ఏదైనా కావాలంటే ఇదంతా మొదటినుంచీ రావాలండి. సెలవులు, సంతకాలు..."

"తెలుసులే."

ఫ్రీజ్ గడిలో టిక్కు పెట్టాను. అక్క బల్ల మీదకు వంగి తెరకేసి చూసింది. అక్కడ ఆవిడ చదవగలిగింది ఏమీ లేదు, అంతా అరబ్బీ.

"పడిందా?"

"పడిందండి."

"ఇప్పుడు నేనే వచ్చి అడిగినా ఇయ్యరు గదా?"

"ఇవ్వమండి."

"మంచిది," అని లేచింది. ఇస్త్రీ అతను వచ్చి పెట్టెలు వేడెక్కించేలోపు ఆ చోటు కాస్త చల్లగా ఉంటుందట. ఆలోపు రెండు జాకెట్లకు పని కానివ్వాలని వేగంగా మెట్లు దిగిపోయింది.