నాయిన పక్క పీట

మొన్న మేడ్చల్ బజారులో ఎవరో తుమ్మ మొద్దులు కోస్తుంటే ఆ వగరు వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. నిజాం ఏలుబడి చివరి రోజుల్లో, శామీర్‌పేట చెరువు దగ్గర మా ఇంటి ముందు ఎండాకాలమంతా ఇదే వాసన. గట్టిపడడానికి తుమ్మచెక్క నీళ్ళలో ఉడికే నూలు వలలు, దండేనికి ఎండు చేపలు, మామిడికాయ తొక్కు నూరే రోలు, వేపనీడలో మేమాడే అచ్చనగాయల చప్పుడు.

నీళ్ళు తగ్గాక బెస్తలంతా ఒక్కరోజే చెరువులో దిగేవారు. వల దించిన ఇంటికే చేపల్లో వాటా. ఒక ఏడు మా వల చిరుగులతోనే మూలన పడింది, వానాకాలమంతా జొన్న గటకా తొక్కుతో గడిపాం. ఊరు మా నాయినను సోమరిపోతు అంది. మొదలుపెడితే అన్నానికి కూడా లేవని మనిషి. ఆ మొదలే ఆయనకు కొండ. వెదురు సూదికి దారం ఎక్కించుకొని పొద్దుటి నుంచి కూర్చున్నా చెయ్యి లేచేది కాదు. నాయిన తమ్ముడు, మా చిన్నాయిన, ఉన్నప్పుడు వల అంచు కాలి బొటనవేలికి తగిలించుకొని పక్క పీట మీద ఊరికే కూర్చునేవాడు, అంతే, నాయిన చెయ్యి దానంతటదే ఆడేది. చిన్నాయిన ఆ చెరువులోనే మునిగి పోయాడు. పీట అక్కడే ఉండేది.

“ఆడ గూసోకు బిడ్డా, అది ఆయన జాగ,” అనేది అవ్వ. అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం.

మరుసటేడు మళ్ళీ చెరువులో దిగే రోజు దగ్గరికొచ్చింది. తెల్లవారితే దిగాలి. మిట్టమధ్యాహ్నం, కాకి కూడా అరవడం లేదు. నాయిన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గానీ సూది కదలడం లేదు. చూడలేక వెళ్ళి ఆ పీట మీద కూర్చుని అంచు వేలికి తగిలించుకున్నాను. ఆయన తల తిప్పలేదు.

“వచ్చినవా తమ్మీ,” అన్నాడు మెల్లగా.

లేచిపోబోయాను. అంతలో సూది కదిలింది. చాలాసేపటికి దాహం ఆగక అంచు వదిలి కుండ దగ్గరికి పోయాను. తిరిగి చూస్తే పీట ఖాళీ, వల అంచు బిగుతుగానే ఉంది, నాయిన చెయ్యి ఆడుతూనే ఉంది. నేను మళ్ళీ అటు పోలేదు.

మర్నాడు మా వల దిగింది. పులుసులో మొదటి ముక్కను అవ్వ మోదుగాకులో పెట్టి ఆ పీట మీద ఉంచింది.

ఇప్పుడు నైలాన్ వలలు అల్లినవే దుకాణంలో దొరుకుతాయి, తుమ్మచెక్క ఉడకబెట్టేవాళ్ళు లేరు. మా మనవడికి పుస్తకం ముందు ఇలాగే చెయ్యి లేవకపోతే డాక్టరు ఏడీహెచ్‌డీ అన్నాడు, పక్కన ఎవరైనా ఊరికే కూర్చోండి అన్నాడు. నాదీ నాయిన చెయ్యే. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నెలగా కాగితం ముందు కూర్చున్నాను; నిన్న పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాకే కలం కదిలింది. ఆనాడు పీట మీద ఎవరో ఉన్నారని వణికాను. ఇప్పుడు తల తిప్పి చూడాలంటే భయం, ఎవరూ లేకపోతే ఎలాగని.